చెరువు గట్టు, నది ఒడ్డు: చేపల సెగగడ్డల వ్యాధి చరిత్ర (1894-1993)

1. ఉపోద్ఘాతం

మశూచి, కలరా, ప్లేగు వ్యాధుల సామాజిక చరిత్రపై తెలుగులో కొంత పరిశోధన జరిగింది. పశువుల దొమ్మరోగం గురించి కూడా అక్కడక్కడ ప్రస్తావనలు కనిపిస్తాయి. చేపల వ్యాధులకు చరిత్ర ఉందన్న ఊహ మాత్రం మన పరిశోధనలో ఇంకా చోటు చేసుకోలేదు. కోస్తా జిల్లాల్లో లక్షల ఎకరాల చేపల చెరువుల మధ్య బతుకుతూ కూడా ఈ విషయాన్ని మత్స్యశాస్త్ర విభాగాలకే వదిలివేశాం. తెలుగు అధ్యాపకుడికి ఈ విషయంతో పనేమిటన్న ప్రశ్న సహజమే. వ్యాధికి పేరు పెట్టడం భాషావ్యవహారం. ఆ పేరు ఒకరిని దోషిగా చూపి మరొకరిని తప్పిస్తుంది. కాబట్టి అది సమాజవ్యవహారం కూడా. ఈ వ్యాసరచనకు ఆ ఆసక్తే మూలం.

ఇక్కడ ప్రధానంగా పరిశీలించేది ట్రౌట్, సాల్మన్ జాతి చేపలకు సోకే ఫరంక్యులోసిస్. శాస్త్రీయంగా నిరూపితమైన మొదటి తరం చేపల బాక్టీరియా వ్యాధుల్లో ఇది ఒకటి. దీని చరిత్ర పొడవునా ఒకే వివాదం రూపాలు మార్చుకుంటూ కనిపిస్తుంది. చేపను బంధించి పెంచడం వల్లనే వ్యాధి పుట్టిందా, లేక నదిలో ముందే ఉన్న వ్యాధి చెరువులోకి వచ్చి బయటపడిందా? ఇది పండిత చర్చగా మిగలలేదు. నష్టం ఎవరు భరించాలి, ఎవరి చేపల రవాణాను ఆపాలి అన్న విషయాలు దీనికి వచ్చే సమాధానం మీద ఆధారపడ్డాయి.

2. మ్యూనిక్ నగరం, 1894

పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలానికి ఐరోపా నదుల్లో ట్రౌట్ చేపలు తగ్గిపోయాయి. ఆ లోటు తీర్చడానికి కృత్రిమంగా గుడ్లను ఫలదీకరించి పిల్లలను పెంచే కేంద్రాలు వెలిశాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం 1852లో హ్యునింగ్‌లో స్థాపించిన కేంద్రం వాటిలో ప్రసిద్ధమైనది. 1880ల నాటికి అమెరికా పశ్చిమ తీరపు రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు సముద్రం దాటి జర్మనీకి చేరాయి. ఒక ఖండపు చేప మరో ఖండపు నీటిలోకి, ఒక లోయ చేప మరో లోయలోకి ఇంత విరివిగా కదలడం అంతకుముందు లేదు. ఆ గుడ్లతోపాటు, ఆ నీటితోపాటు ఏమేమి ప్రయాణించాయో గమనించే సాధనాలు అప్పటికింకా తయారవుతున్నాయి.

1894లో రుడాల్ఫ్ ఎమ్మెరిష్, వైబెల్ అనే ఇద్దరు పరిశోధకులు బవేరియాలోని ట్రౌట్ పెంపక కేంద్రంలో మరణాలకు కారణమైన బాక్టీరియాను వేరుచేసి, దాని వివరాలను ఆరోగ్యశాస్త్ర పత్రికలో ప్రకటించారు. మత్స్యశాస్త్ర గ్రంథాలు ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాయి. ఆ ఎమ్మెరిష్ ఎవరన్నది మాత్రం కొంత ఆగి చూడవలసిన విషయం.

ఆయన మ్యూనిక్ ఆరోగ్యశాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ శిష్యుడు. కలరాకు సూక్ష్మజీవి ఒక్కటే చాలదు, ఆయా స్థలాల నేల, నీరు, రుతుస్థితి కూడా అనుకూలించాలి అన్నది పెట్టెన్‌కోఫర్ వాదం. బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ సూక్ష్మజీవే కారణమని గట్టిగా నిలబడ్డాడు. 1892లో హాంబర్గ్ నగరంలో కలరా విజృంభించిన కొద్ది వారాలకు, అక్టోబరు 7న, డెబ్బై మూడేళ్ల పెట్టెన్‌కోఫర్ కలరా క్రిములున్న ద్రవాన్ని అందరి ముందూ తాగేశాడు. పది రోజుల తర్వాత ఎమ్మెరిష్ కూడా తాగాడు. గురువుకు స్వల్పంగా విరేచనాలయ్యాయి, శిష్యుడు మరింత తీవ్రంగా బాధపడ్డాడు, ఇద్దరూ బతికారు. క్రిమి ఉన్నంతమాత్రాన రోగం రాదని ఆ పక్షం వారు, రోగం వచ్చింది కదా అని ఎదుటి పక్షం వారు ఎవరి అర్థం వారు చెప్పుకున్నారు.

సరిగ్గా రెండేళ్లకు అదే ఎమ్మెరిష్ ట్రౌట్ వ్యాధికి ఒక నిర్దిష్టమైన క్రిమిని చూపించాడు. అప్పటి మ్యూనిక్ వాతావరణం తెలిసినవారికి ఇది చిన్న సంగతి కాదు. స్థలమూ పరిస్థితీ ముఖ్యమన్న వర్గానికి చెందిన మనిషి చేపలకు సంబంధించి క్రిమివాదానికి బలమైన ఆధారం ఇచ్చాడు. ఆయన గురువు అడిగిన ప్రశ్న అక్కడితో ముగిసిపోలేదు. ఎనభై ఏళ్ల తర్వాత అది మత్స్యశాస్త్రంలోకి మరో రూపంలో తిరిగి వచ్చింది.

3. పేరు చెప్పేది, పేరు దాచేది

ఫరంక్యులోసిస్ అన్న మాట మానవ వైద్యం నుంచి వచ్చింది. మనిషికి వెంట్రుక మూలంలో చీముపట్టి లేచే సెగగడ్డను లాటిన్‌లో ఫరంక్యులస్ అంటారు. చేప కండరంలో ఉబ్బి, చర్మం చిట్లి, నెత్తురు కలిసిన ద్రవం కారే పుండును చూసి ఈ పేరు పెట్టారు. పోలిక పైపైదే. చేపకు వెంట్రుక కుదురు లేదు. చేప పుండులో ఉండేది మన సెగగడ్డలోని చీము వంటిది కాదు, కరిగిపోయిన కండరం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. వ్యాధి ఉధృతంగా వచ్చినప్పుడు చేప ఏ గడ్డా లేవకుండానే రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. పేరునుబట్టి గడ్డల కోసం వెదికేవాడికి అటువంటి చావులో వ్యాధి కనిపించదు. దీర్ఘకాలం ఈడ్చే రూపంలో, అదీ పెద్ద చేపల్లోనే, గడ్డలు స్పష్టంగా కనిపిస్తాయి.

క్రిమి పేరుది వేరే కథ. 1896లో లేమన్, న్యూమన్ దానిని బాక్టీరియం సాల్మొనిసిడా అన్నారు. సాల్మన్‌లను చంపేది అని దాని అర్థం. 1902లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మార్ష్ అనే శాస్త్రజ్ఞుడు వాగు ట్రౌట్ నుంచి ఒక క్రిమిని వేరుచేసి కొత్త పేరు పెట్టాడు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. 1953లో అది ఏరోమోనాస్ అనే ప్రజాతిలో చేరి, ఏరోమోనాస్ సాల్మొనిసిడా అన్న నేటి పేరు పొందింది. సాల్మన్ హంతకి అన్న పేరు నేరాన్ని క్రిమి ఒక్కదాని మీదే మోపుతుంది. ఇరుకు తొట్టి, వేసవి నీటి వేడి, చేపను పట్టి తూచి వేరుచేసేటప్పుడు ఒలిచిపోయిన జిగురు పొర, ఇవేవీ ఆ పేరులో వినబడవు.

తెలుగు రైతుల వాడుకలోని పేర్లు ఇందుకు భిన్నంగా ఉంటాయి. మొప్పల కుళ్ళు, తోక కుళ్ళు, ఎర్రమచ్చల వ్యాధి వంటివి కంటికి కనిపించే లక్షణాన్ని చెప్పి ఆగిపోతాయి, కారకుడెవరో చెప్పవు. ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు వ్యాధులు చేరిపోయే ప్రమాదం ఇందులో ఉంది. తెలియని కారణాన్ని తెలిసినట్టు చెప్పకపోవడమనే నిజాయతీ కూడా ఉంది. శాస్త్రగ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారు ఈ రెండు నామకరణ పద్ధతుల తేడాను గుర్తించకుండా ఒకదాని స్థానంలో ఒకటి వాడటం వల్ల మన పాఠ్యపుస్తకాల్లో చాలా గందరగోళం ఏర్పడిందని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో వాడిన 'సెగగడ్డల వ్యాధి' కూడా మూలంలోని లోపాన్ని మోస్తున్న అనువాదమే.

4. నదిలో దొరికిన సాక్ష్యం

మొదటి పదిహేనేళ్లపాటు ఇది పెంపకపు తొట్లలో పుట్టిన జబ్బుగానే చలామణి అయింది. ఆ నమ్మకానికి తగిన ఆధారం ఉంది, ఎందుకంటే రోగం కనిపించినదల్లా పెంపక కేంద్రాల్లోనే. అయితే చేప చావును లెక్కించే మనిషి ఉన్నది కూడా అక్కడే. నదిలో చచ్చిన చేపను ప్రవాహం తీసుకుపోతుంది, లేకుంటే కొంగ తింటుంది.

ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో ముఖ్యురాలు మరియాన్నే ప్లెన్. 1863లో పుట్టిన ఈమె జ్యూరిక్‌లో డాక్టరేటు పొంది, మ్యూనిక్‌లో బ్రూనో హోఫర్ నడిపిన మత్స్యపరిశోధన కేంద్రంలో చేరింది. హోఫర్ 1904లో చేపల వ్యాధులపై సమగ్ర గ్రంథం వెలువరించాడు. రోజువారీగా బవేరియా అంతటి నుంచి వచ్చే చచ్చిన చేపలను కోసి చూసే పనిలో ప్లెన్ పాత్ర ప్రధానం. 1909 ప్రాంతంలో ఆమె సెగగడ్డల వ్యాధిని స్వేచ్ఛగా తిరిగే నది చేపల్లో గుర్తించింది. తొట్టికీ నదికీ నడుమ ఊహించుకున్న గోడ దానితో కూలిపోయింది. 1914లో బవేరియా రాజు ఆమెకు ప్రొఫెసర్ బిరుదు ఇచ్చాడు. ఆ రాజ్యంలో ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ ఆమే. అయినా చేపల వ్యాధుల చరిత్ర చెప్పే పుస్తకాల్లో హోఫర్ పేరు ముందుకు వచ్చినంతగా ఆమె పేరు రాదు.

1911 వేసవిలో ఇంగ్లండు నదుల్లో సాల్మన్, ట్రౌట్ చేపలు చచ్చి తేలాయి. ఆర్క్‌రైట్ అనే బాక్టీరియా శాస్త్రజ్ఞుడు పరిశీలించి మరుసటి సంవత్సరం వ్యాధిని నిర్ధారించాడు. ఇక్కడ వ్యవహారం డబ్బుతో, హోదాతో ముడిపడింది. సాల్మన్ నదుల వేట హక్కులు భూస్వాములవి, ట్రౌట్ పెంపక కేంద్రాలు వ్యాపారులవి. మీ పెంపకపు చేపలను మా నదిలో వదలడం వల్లనే రోగం వచ్చిందని మొదటివారు, మీ నదుల్లో ముందునుంచే ఉందని రెండోవారు వాదించుకున్నారు. 1929లో ప్రభుత్వం ఫరంక్యులోసిస్ విచారణ సంఘాన్ని నియమించింది. మాకీ, ఆర్క్‌రైట్ తదితరులు సభ్యులుగా ఉన్న ఆ సంఘం 1930, 1933, 1935 సంవత్సరాల్లో మూడు నివేదికలు ఇచ్చింది. ఆ నివేదికల ఫలితంగా 1937లో చేపల వ్యాధుల చట్టం వచ్చింది. సాల్మన్ జాతి సజీవ చేపల దిగుమతి నిషిద్ధమైంది. వ్యాధి సోకిన ప్రాంతాన్ని ప్రకటించి అక్కడి నుంచి చేపల రాకపోకలను కట్టడి చేసే అధికారం ప్రభుత్వానికి దక్కింది.

వ్యాధి మూలస్థానం గురించిన వాదన మాత్రం చట్టంతో ఆగలేదు. అమెరికా రెయిన్‌బో ట్రౌట్ ఈ వ్యాధిని చాలావరకు తట్టుకుంటుంది, ఐరోపా గోధుమవర్ణపు ట్రౌట్ తట్టుకోలేదు. కనుక రెయిన్‌బోతోనే రోగం ఐరోపాకు వచ్చిందని ఒక పక్షం, అందుకు విరుద్ధంగా ఐరోపా చేపతోనే అమెరికాకు వెళ్లిందని మరో పక్షం. మనుషుల సవాయి రోగానికి ఒక్కొక్క దేశం పొరుగుదేశం పేరు పెట్టిన సంగతి తెలిసిన సాహిత్య విద్యార్థులకు ఈ ధోరణి కొత్తగా అనిపించదు.

నివేదికల కాలం నాటికి బలపడిన ఒక విషయమే, నా దృష్టిలో, మిగిలినవాటికంటె విలువైనది. ఆరోగ్యంగా కనిపించే చేప లోపల క్రిమిని మోస్తూ నెలల తరబడి బతకగలదు. నీరు వేడెక్కినప్పుడో, ప్రాణవాయువు తగ్గినప్పుడో, వల తగిలి బెదిరినప్పుడో అది రోగంగా బయటపడుతుంది. అలాంటప్పుడు రోగం ఎక్కడిదన్న ప్రశ్నకంటె ఎప్పుడు బయటపడుతుందన్న ప్రశ్నకే ప్రయోజనం ఎక్కువ. పెట్టెన్‌కోఫర్ అడిగింది దాదాపు ఇదే. 1974లో స్నీష్కో అనే శాస్త్రజ్ఞుడు చేప, క్రిమి, పరిసరం అనే మూడు వలయాలు ఒకదానిపై ఒకటి పడిన చోటే వ్యాధి ఉంటుందని వివరించాడు. నేడు ప్రతి మత్స్యశాస్త్ర విద్యార్థీ ఆ బొమ్మ గీస్తాడు.

5. మందు, టీకా, నార్వే

1942లో కెనడాలో డఫ్ అనే పరిశోధకుడు చంపిన క్రిములను మేతలో కలిపి ట్రౌట్‌లకు తినిపించి వ్యాధినిరోధం సాధించాడు. చేపల టీకా చరిత్రకు అది తొలి మెట్లలో ఒకటి. కానీ మరో నాలుగేళ్లకే సల్ఫా మందులు చేపలపై పనిచేస్తాయని తేలింది, ఆ వెనుకనే యాంటీబయాటిక్‌లు వచ్చాయి. మేతలో పొడి కలిపితే పది రోజుల్లో చావులు ఆగుతుంటే టీకా కోసం శ్రమించేవారెవరు? డఫ్ ప్రయోగం మూడు దశాబ్దాలపాటు మూలన పడింది. 1971లో జపాన్‌కు చెందిన ఆవోకి, ఆయన సహచరులు మందులకు లొంగని గుణాన్ని ఒక క్రిమి నుంచి మరో క్రిమికి చేరవేసే జన్యుభాగాలను ఇదే ఏరోమోనాస్ సాల్మొనిసిడాలో కనుగొన్నారు.

నార్వే అనుభవాన్ని కొంత వివరంగా చెప్పాలి. 1970లో హిట్రా దీవిలో గ్రోంట్‌వెడ్ సోదరులు సముద్రంలో తేలే వల పంజరాల్లో సాల్మన్ పెంచి విజయం సాధించారు. పదేళ్లు తిరక్కముందే అదే దీవి పేరుతో ఒక కొత్త రోగం బయలుదేరింది. అది విటమిన్ లోపమని కొందరు, క్రిమి అని కొందరు సంవత్సరాల తరబడి తగువులాడుకున్నారు. 1986లో ఎగీడియస్ బృందం దాని క్రిమికి విబ్రియో సాల్మొనిసిడా అని పేరు పెట్టింది. ఒక పక్క ఈ రోగం ఉండగానే, 1985లో స్కాట్లండ్ నుంచి కొనితెచ్చిన సాల్మన్ పిల్లలతో సెగగడ్డల వ్యాధి నార్వే తీరంలో దిగింది. పిల్లలకు గిరాకీ ఎక్కువై, సొంత కేంద్రాల ఉత్పత్తి చాలక దిగుమతికి అనుమతి ఇచ్చిన రోజులవి. 1992 నాటికి వ్యాధి వందలాది పెంపక క్షేత్రాలకు పాకింది. పంజరాల నుంచి తప్పించుకున్న చేపలతో డెబ్బైకి పైగా నదుల్లోకి చేరింది. ప్లెన్ నదిలో రోగాన్ని కనుగొన్న ఎనభై ఏళ్లకు అది పంజరం నుంచి నదిలోకి నడిచి వెళ్లిన దారి ఊరూ తేదీలతో సహా నమోదైంది.

1987లో నార్వే చేపలకు వాడిన యాంటీబయాటిక్‌లు సుమారు 48 టన్నులు. ఆ ఏడాది సాల్మన్ ఉత్పత్తి 50 వేల టన్నులకు అటూ ఇటూ. అంటే టన్ను చేపకు కిలో మందు! ఇది ఎంతోకాలం సాగేది కాదని అక్కడి రైతులకూ అర్థమైంది. 1992-93లో నూనె కలిపిన సూదిమందు టీకాలు రంగంలోకి దిగాయి. ప్రతి చేపనూ మత్తులో ఉంచి కడుపులోకి చుక్కంత మందు ఎక్కించాలి. కోట్ల చేపలకు ఆ పని చేశారు. ఏటేటా పెంచే పిల్లలను వేరువేరు తావుల్లో ఉంచడం, ఒక పంట తీశాక ఆ తావును కొంతకాలం ఖాళీగా వదలడం తోడయ్యాయి. 1990ల మధ్యకు ఉత్పత్తి అనేక రెట్లు పెరిగినా మందుల వాడకం ఒకటి రెండు టన్నులకు పడిపోయింది.

ఈ కథను టీకా విజయగాథగా చెప్పడం రివాజు. నాకు అందులో కొంత అసంతృప్తి ఉంది. నూనె టీకా వల్ల చేప కడుపులో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయే బాధ కలిగింది, ఎదుగుదల కొంత తగ్గింది. చేప బాధను లెక్కలోకి తీసుకోవడం అక్కడ కూడా ఆలస్యంగానే మొదలైంది. పైగా ఆ విజయం ఆ క్రిమికే పరిమితం. చిలీ దేశంలో సాల్మన్‌లను పీడించే పిసిరికెట్సియా అనే వేరొక బాక్టీరియాకు అంత సమర్థమైన టీకా దొరకలేదు. అక్కడి చేపలకు 2014లో వాడిన యాంటీబయాటిక్‌లు 550 టన్నులు దాటాయి. చేప ఒకటే, పంజరం ఒకటే.

6. కొల్లేటి వైపు

మన ప్రాంతంలో సాల్మన్ లేదు, ఏరోమోనాస్ సాల్మొనిసిడా సమస్యా లేదు. దాని దాయాది అయిన ఏరోమోనాస్ హైడ్రోఫిలా ఉంది. వెచ్చని మంచినీటిలో, బురదలో, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులో కూడా అది సహజంగా ఉంటుంది. చేప నీరసించినప్పుడు ఎర్రమచ్చలు, పొట్ట ఉబ్బు, కుళ్ళు రూపంలో బయటపడుతుంది. ఈ క్రిమిని బయటి నుంచి ఎవరో తెచ్చారనడానికి వీలులేదు కనుక, మూలస్థానపు తగాదా ఇక్కడ మొదటే కొట్టివేతకు గురవుతుంది.

అయినా నేరమంతా దీనిమీద మోపిన సందర్భం ఉంది. 1988లో భారతదేశంలో అడుగుపెట్టి రాష్ట్రాలన్నీ చుట్టిన పుండ్ల వ్యాధి కొరమీను వంటి నాటు చేపలను తీవ్రంగా దెబ్బతీసింది. ప్రతి పుండులోనూ ఏరోమోనాస్ కనబడింది. చాలామంది దానినే కారకంగా భావించారు. అఫనోమైసిస్ ఇన్వడన్స్ అనే బూజు జాతి జీవి మూలకారణమని, బాక్టీరియా తర్వాత వచ్చి చేరిందని నిలదొక్కుకోవడానికి కొన్ని సంవత్సరాలు పట్టింది. యాంటీబయాటిక్ బూజును చంపలేదు. కానీ అప్పటికే మందు కలిపిన మేత చెరువుల్లో పడింది.

కొల్లేటి చుట్టూ 1970ల చివర నుంచి చేపల చెరువులు వ్యాపించిన తీరు, 1999లో సరస్సు అభయారణ్యం కావడం, 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగగొట్టడం మన చరిత్రకారులు కొంతవరకు రాశారు. ఆ రచనల్లో నేల హక్కు ఉంది, పక్షి ఉంది, కులం ఉంది. చేప ఆరోగ్యం లేదు. బొచ్చె, శీలావతి పెరిగే చెరువుకు నీరు వచ్చేది కాలువ నుంచి, చెరువు ఎండగట్టినప్పుడు నీరు పోయేది మురుగు కాలువలోకి. కింది చెరువు రైతు మళ్లీ అదే నీటిని తోడుకుంటాడు. సన్నరంధ్రాల సంచుల్లో తవుడు నింపి కర్రలకు వేలాడదీసే మేత పద్ధతిలో, కలిపిన మందులో ఎంత చేప తిన్నదో ఎంత నీటిలో కరిగిందో ఎవరి లెక్కకూ అందదు. చట్టం విషయానికొస్తే, 2005 నాటి తీరప్రాంత ఆక్వా చట్టం ప్రధానంగా ఉప్పునీటి రొయ్యల సాగును దృష్టిలో పెట్టుకుని వచ్చినది. లోపలి మంచినీటి చెరువు దాని పరిధిలోకి రాదు.

ఈ చరిత్రకు ఆధారాలు ప్రభుత్వ నివేదికల్లోకంటె చెరువు యజమానుల ఖాతా పుస్తకాల్లో, మేత, మందుల దుకాణాల బిల్లుల్లో, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచిన రోజుల్ని తేదీలతో గుర్తుపెట్టుకున్న కాపలాదారుల మాటల్లో ఎక్కువగా ఉన్నాయి. తొలితరం చెరువుల మీద పనిచేసినవారు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ల వయసులో ఉన్నారు. మౌఖిక చరిత్ర పద్ధతిలో శిక్షణ పొందిన తెలుగు, చరిత్ర విభాగాల పరిశోధకులు కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో వారి వాఙ్మూలాలు సేకరించవలసి ఉంది. వ్యాధుల పేర్లతో మొదలుపెట్టడం మంచిది. పక్కపక్క గ్రామాల్లోనే ఒక జబ్బుకు వేర్వేరు పేర్లు ఉండవచ్చు, ఏ పేరు ఏ ఏడాది నుంచి వాడుకలోకి వచ్చిందో అడిగితే ఏ రోగం ఎప్పుడు వచ్చిందో కూడా తెలిసే అవకాశం ఉంది.